ఆట యెవరిది? మాట యెవరిది?

మన సీమలో బాల్యమున పులిమేక యాడనివా రరుదు. కడప బండలు పఱచిన అరుగుమీద సుద్దముక్కతో గీతలు గీసి, మూడు గులకరాళ్లను పులులుగను, పదునైదు చింతగింజలను మేకలుగను పెట్టి యాడుట మనకు పెద్దలవలన వచ్చిన విద్య. ఆ యాటను కల్పించినవా రెవరో యెవ్వరికిని తెలియదు. ఆ గీతలు గీయుటకు ఎవరి యనుమతియు అక్కఱలేదు. కాని నేడు మన బాలురాడు ఆటలలో కొన్నింటికి కర్తలు కలరు, ప్రకాశకులు కలరు, హక్కులును కలవు. ఈ భేదమును గుఱించి నాలుగు మాటలు వ్రాయుట యవసరమని మాకు తోచినది. మా పాఠశాలలో జరిగిన యొక చిన్న విషయమే యిందులకు కారణము.

రోల్ ప్లేయింగ్ గేమ్ అను నొక విధమైన బల్లయాట కలదు. నలుగురైదుగురు బల్లచుట్టును కూర్చుండి ఒక్కొకరు ఒక్కొక పాత్రను వహింతురు. ఒకరు కథ నడుపుదురు. పాచికలు పడిన తీరునుబట్టి కథ సాగును. ముందుగా మాటలు వ్రాసిపెట్టని వీధినాటకమని దీనిని చెప్పవచ్చును. వీనిలో మిక్కిలి ప్రసిద్ధమైన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను ఆట 1974లో అమెరికాలో వెలువడెను. పాత్రల బలాబలములను లెక్కించుట, పట్టికలు వెదకుట శ్రమతో గూడిన పనులు గావున, ఆటయందు ప్రీతిగలవారు అందులకు తగిన సాధనములను కంప్యూటరుపై తామే తయారుచేసికొనుచుందురు. మా పై తరగతి విద్యార్థి యొకడు వేసవి సెలవులలో అట్టి సాధనము నొకదానిని స్వయముగా నిర్మించి, పాఠశాల ప్రదర్శనమునకు తెచ్చెను. లెక్కలు చక్కగా నున్నవి. అతని నేర్పు మెచ్చదగినది. కాని ఆట పుస్తకములోని వర్ణనలను పుటలకొలది ఉన్నవి యున్నట్లు ఎక్కించియుండెను. బొమ్మలను సైతము చేర్చెను. పుస్తకకర్త పేరు మాత్ర మెక్కడను లేదు. మేము దానిని ప్రదర్శనమున నుంచలేదు.

బాలుడు నొచ్చుకొనెను. రెండు దినముల పిమ్మట వచ్చి, “అయ్యగారూ, నేను దీనిని అమ్మలేదు, ఒక్క పైసయు పుచ్చుకొనలేదు. మీరు మాకు పంచిపెట్టు అభ్యాసపత్రములు ఎవరి పుస్తకమునుండి నకలు తీసినవి?” అని యడిగెను. మేము వెంటనే యుత్తర మీయలేకపోతిమి. ఇప్పుడు వ్రాయుచున్నది ఆ యుత్తరమే.

మన దేశమున 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము అమలులో నున్నది. చట్టము కాపాడునది భావమును గాదు, ఆ భావమును వెలిబుచ్చిన రూపమును. 1978లో ఆర్. జి. ఆనంద్ అను నాటకకర్త తెచ్చిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఈ సూత్రమునే స్పష్టపఱచెను. పాచిక వేసి, వచ్చిన సంఖ్యకు పాత్రయొక్క బలమును కూడవలెనను పద్ధతి యెవరి సొత్తును గాదు. ఆ పద్ధతిని వివరించుటకు రచయిత కూర్చిన వాక్యములు, చిత్రకారుడు వ్రాసిన బొమ్మలు మాత్రము వారి సొత్తు. రచయిత జీవించియున్నంత కాలమును, అటుపై అఱువది యేండ్లును గ్రంథముపై హక్కు నిలుచును.

బల్లయాటల విషయమున నిదర్శనము మన దేశముననే కలదు. కోల్‌కతా నగరవాసులగు రజత్ అగర్వాలా, జయంత్ అగర్వాలా అను సోదరులు, స్క్రాబుల్ అను అక్షరముల యాటను పోలిన దానిని స్క్రాబ్యులస్ అను పేర అంతర్జాలమున నెలకొల్పిరి. దేశదేశముల జనులు దాని నాడిరి. హక్కుదారులలో నొకరైన మాటెల్ కంపెనీవారు ఢిల్లీ హైకోర్టు నాశ్రయించిరి. 2008 సెప్టెంబరులో ఇచ్చిన మధ్యంతరపు టుత్తరువులో న్యాయస్థానము, ఆట నియమములపై కాపీరైటు కలదను వాదము నంగీకరింపలేదు. కాని పేరు మూలపు పేరును పోలియుండుటచే దానిని వాడరాదని శాసించెను. సోదరులు తమ యాటకు లెక్స్యులస్ అని వేఱు పేరు పెట్టుకొనిరి. ఆట నిలిచినది, పేరు మాఱినది.

“అమ్మలేదు గదా” యను మాటను కొంచెము విచారింతము. ఎనిమిదవ ఆజ్ఞను వల్లించు మనము, కంటికి కనబడు వస్తువును తీసికొనుటయే దొంగతనమని తలచుచుందుము. ఒకడు తన యింట తన యాటకై వ్రాసికొన్న పట్టిక వేఱు. ఊరందఱికిని పంచిపెట్టిన పుటలు వేఱు. పుటలన్నియు ఉచితముగా దొరకినచో పుస్తకమును కొనువా రుండరు. పంచినవానికి లాభము లేకపోవచ్చును. వ్రాసినవానికి నష్టము తప్పదు.

ఇక మా సంగతి. ఉపాధ్యాయుడు బోధనలో భాగముగా గ్రంథభాగములను నకలు తీసికొనుటకు చట్టము మినహాయింపు నిచ్చుచున్నది. ఢిల్లీ విశ్వవిద్యాలయమునందలి యొక నకళ్ల దుకాణముపై ఆక్స్‌ఫర్డు మొదలగు ప్రకాశకులు తెచ్చిన వ్యాజ్యమున, 2016లో ఢిల్లీ హైకోర్టు ఈ మినహాయింపును సమర్థించెను. కావున మేము చట్టము నతిక్రమింపలేదు. అయినను, ఇన్నేండ్లుగా పంచిన పత్రములలో ఒక్కదానిపైనను గ్రంథకర్త పేరు వ్రాయలేదు. బాలుని యందు మేము ఎంచిన తప్పులలో నొకటి మా యందును ఉన్నది. దీనిని సిగ్గుతో ఒప్పుకొనుచున్నాము. ఈ సంవత్సరమునుండి ప్రతి పత్రముపైనను గ్రంథము పేరును, కర్త పేరును వ్రాయుచున్నాము.

హక్కుదారులకును ధర్మము కలదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ప్రకాశకులగు విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ వారు, తమ నియమపాఠములో కొంతభాగమును ఇతరులు వాడుకొనవచ్చునని 2000లో ఒక బహిరంగానుమతి పత్రమును ప్రకటించిరి. దాని నాధారము చేసికొని యనేకులు గ్రంథములను, సాధనములను రచించిరి. ఆ పత్రమును మార్చి షరతులను బిగింపనున్నారని 2023 జనవరిలో బయటపడగా, ఆటగాండ్రు తీవ్రముగా నిరసించిరి. ఆ నెల ముగియకమునుపే సంస్థ వెనుకకు తగ్గి, నియమపాఠము నొకదానిని, మూలకర్తల పేరు చెప్పి యెవరైనను వాడుకొనవచ్చునను క్రియేటివ్ కామన్స్ అనుమతితో విడుదల చేసెను. మా విద్యార్థి ఈ సంగతి నెఱిగియుండినచో, ఆ పాఠమునే గ్రహించి, పేరొక్కటి చెప్పి, నిర్దోషముగా తన పని నెఱవేర్చుకొనియుండును. అడిగి తెలిసికొనుట అతనికి నేర్పనిది మేమే.

గడువు తీఱిన గ్రంథము లోకుల సొత్తగును. కడపలో బంగళా కొని, పండితులను నియమించి వ్రాతప్రతులను సరిచూపించిన సి. పి. బ్రౌను దొర 1884లో గతించెను. ఆయన నిఘంటువుయొక్క 1903 నాటి కూర్పును చికాగో విశ్వవిద్యాలయమువారు అంతర్జాలమున నుంచగా, మన పిల్లలు వెల లేక చూచుకొనుచున్నారు. హక్కు లేకపోయినను, అందఱును దానిని బ్రౌను నిఘంటువనియే చెప్పుదురు. పేరు చెప్పుటకు గడువు లేదు.

విద్యార్థులారా, మీరు ప్రేమించు ఆటలకు సాధనములు నిర్మింపుడు. నియమములను మీ సొంత మాటలతో వ్రాయుడు. బొమ్మలు మీరే గీయుడు. ఇతరుల పాఠము కావలసినచో అనుమతి కలదేమో చూడుడు, లేనిచో అడుగుడు. మఱియొక మాట. 1984 సవరణమునుండి కంప్యూటరు ప్రోగ్రామును సాహిత్యరచనగనే మన చట్టము పరిగణించుచున్నది. మీరు స్వయముగా వ్రాసిన ప్రోగ్రాముపై హక్కు మీదే. అందులకు రిజిస్ట్రేషను కూడ అక్కఱలేదు. మీ పనిని మఱియొకడు తన పేర చూపించిన నాడు మీకు కలుగు బాధయే పుస్తకము వ్రాసినవానికిని కలుగును.

ఆ బాలుడు వర్ణనలను, బొమ్మలను తొలగించి, అనుమతి గల పాఠమును చేర్చి, మొదటి తెఱమీదనే కర్తల పేర్లు వ్రాసి, సాధనమును తిరిగి తెచ్చియున్నాడు. పోయినదానికంటె ఇది చిన్నదే, కాని యిది వానిది. రానున్న ప్రదర్శనమున దానికొక బల్లను కేటాయించితిమి. తల్లిదండ్రులు దయచేసి వచ్చి చూడ ప్రార్థితులు.