సామ్రాజ్య తాళములు ఎవరివి?

వీధికి ఇరువైపుల నిలిచిన మహావృక్షములను చూచిన బాటసారి, వీనిని నాటించిన దెవరని యడుగునే గాని, వీనికి నీరు పోసిన దెవరని యడుగడు. ప్రభువు గోతిలో పిడికెడు మన్ను వేసిన చాలును, వృక్షము ప్రభువు పేర వెలయును. ఏండ్ల తరబడి కడవలు మోసినవాడు మాత్రము ఏ శిలాఫలకమునందును కానరాడు. ఈ యన్యాయమునకు బ్రెజిలు దేశమున రియో డి జనీరో నగరమందలి పైసాండూ వీధికంటె స్పష్టమైన నిదర్శనము మాకు తోచుట లేదు.

ఆ వీధి ఫ్లమెంగో సముద్రతీరపు దిక్కునుండి గ్వానబారా సౌధము వఱకు సాగును. దాని కిరుప్రక్కల మన పోకకును కొబ్బరికిని జ్ఞాతియైన యొక తాళజాతి వృక్షములు, నునుపు దేరిన బూడిదవన్నె స్తంభములవలె వరుస తీరి నిలిచియున్నవి. రెండవ పెద్రో చక్రవర్తి కుమార్తె యిసబెల్ రాజకుమారి 1865 మొదలు ఆ సౌధమున నివసించెను. 1889లో చక్రవర్తిత్వము కూలినది. నేడా సౌధము రాష్ట్ర ప్రభుత్వమునకు కార్యస్థానము. సింహాసనము పోయి శతాబ్దము దాటినను వృక్షముల బిరుదము పోలేదు. ప్రజలు వానిని నేటికిని సామ్రాజ్య తాళములనియే పిలుచుచున్నారు.

ఈ సామ్రాజ్య మెట్టిదో విచారింతము. నెపోలియను సైన్యములకు వెఱచి పోర్చుగీసు రాజపరివారము 1808లో రియో నగరము చేరినది. ఆ సంవత్సరమే యువరాజు డోం జొవాఁవ్ అచ్చట నొక వృక్షోద్యానమును స్థాపించెను. నాడు ఫ్రెంచివారి వశమున నున్న మారిషసు ద్వీపపు తోటనుండి లూయిస్ డి అబ్రెయు అను పోర్చుగీసువాడు తెచ్చిన మొక్కలలో నీ తాళ మొకటియనియు, 1809లో దానిని యువరాజు స్వహస్తముతో నాటెననియు చెప్పుదురు. చిత్ర మేమనగా, ఈ వృక్షమునకు పుట్టినిల్లు కరీబియను దీవులును దక్షిణ అమెరికా ఉత్తరతీరమును. ఇరుగుపొరుగు సీమల చెట్టు సముద్రములు చుట్టి వచ్చి రాజచిహ్నమైనది!

ఆ మారిషసు మన ఆంధ్రులకు పరాయి సీమ గాదు. 1835లో అచ్చట బానిసత్వము రద్దైన పిమ్మట, చెఱకు తోటల చాకిరికై కోరంగి మొదలగు రేవులనుండి మనవా రెందఱో ఒడంబడిక కూలీలై తరలిరి. తోటల వైభవము వెనుక నెవరి చెమట యుండునో మనకు వేఱొకరు చెప్పవలసిన పని లేదు.

ఇక రియో ఉద్యానమున పరంపరగా చెప్పుకొను వృత్తాంతమును వినుడు. చెట్టు కాపునకు వచ్చినపుడు, ఈ గౌరవము రాజోద్యానమునకే చెల్లవలెనని తలచి, అధ్యక్షుడు సెర్పా బ్రాండౌ గింజలను ఏటేట ఏఱించి తగులబెట్టించుచుండెనట! ఆ గింజల నేఱువారు బానిసలు. వారు రాత్రివేళ చెట్టెక్కి గింజలను దొంగిలించి, యొక్కొక్కటి 100 రెయిసులకు విక్రయించిరట! దేశ మెల్లెడల నీ తాళములు వ్యాపించుట కదియే మూలమని చెప్పుదురు. ఇది కేవలము జనశ్రుతియే యని కొట్టివేయువా రుండవచ్చును. కాని చెట్టును రాజు నాటె ననుటయు జనశ్రుతియే కదా! ఒకదానిని చరిత్ర యనియు, రెండవదానిని కట్టుకథ యనియు తీర్పు చెప్పు న్యాయమేది?

జనశ్రుతి కాని సాక్ష్యమును గలదు. రియోలోని వలోంగో రేవున 1811 మొదలు నౌకలనుండి దింపబడిన ఆఫ్రికా బానిసల సంఖ్య సుమారు 9 లక్షలని అంచనా. ఆ రేవు శిథిలములను 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. అమెరికా ఖండములందు బానిసత్వమును కట్టకడపట విడిచిన దేశము బ్రెజిలు. పరైబా నదీలోయలో కాఫీ భూస్వాములు తమ భవనద్వారముల యెదుట నీ తాళములనే బారులుగా నాటించి ప్రభుత్వము వెలయించుకొనిరి. బానిస దొంగిలించి తెచ్చిన గింజయే దొర గుమ్మమున కలంకారమైనది! 1888 మే 13న ఇసబెల్ రాజకుమారి విమోచన శాసనముపై వ్రాలు చేసెను. ఆ శాసనమున రెండే ప్రకరణములు. బానిసత్వము రద్దైన దనునది మొదటిది. దానికి విరుద్ధమైన విధులు చెల్లవనునది రెండవది. విముక్తులకు సెంటు భూమి యిచ్చు మాట అందు లేదు.

అట్లని మేము ఈ వృక్షములను నఱుకుమని చెప్పుట లేదు. దొరతనపు గుర్తులని కోపించి చెట్టును కూల్చినచో బానిస శ్రమను రెండవమాఱు తుడిచివేసినవార మగుదుము. వలసిన దంతయు జాగ్రత్త. మఱ్ఱికి కొమ్మ నఱికిన వేఱొక కొమ్మ చిగుర్చును. తాళమునకు శిరమున నొక్కటియే మొవ్వ. అది చచ్చిన చెట్టు చచ్చును. దాని బోదెకు తగిలిన గాయము మఱి పూడదు. తీగలవారును, రోడ్డు త్రవ్వువారును చేసిన గాయము లన్నియు చెట్టు బ్రతికినన్నాళ్లు దాని మేన నుండును. కావున నిట్టి వీధిని కాపాడుట యనగా చెట్టు పడిన పిదప విలపించుట గాదు. పడకమున్నే దాని సంతతిని సిద్ధపఱచుట.

ఉద్యానమువా రిది యెఱిగిరి. 38 మీటర్లకు మించి పెరిగిన ఆదితాళము 1972లో పిడుగుపాటున నశించినది. దాని గింజనుండి మొలచిన మొక్కనే ఆ స్థానమున నాటి దానికి పుత్రికయని పేరిడిరి. చెట్టు విషయమున చూపిన యీ నీతిని కథ విషయమునను చూపవలయును. రాజు పేర నొక ఫలకము నిలిపిన చోట, రాత్రివేళ చెట్టెక్కిన ఆ యనామకుల పేరను ఒక ఫలకము నిలుపుట ధర్మము. వారి పేళ్లు మనకు దక్కలేదు. వారి చేతులు వెదచల్లిన గింజలు మాత్రము వీధులై నిలిచియున్నవి. వానికి సామ్రాజ్యమన్న బిరుదమే యుండనిండు. ఆ సామ్రాజ్యము ఎవరి భుజములపై నిలిచెనో ఆ నీడన నడచు ప్రతి బాలుడును ఎఱుంగవలెను.