జాలిమ్ కల్మా చదివితే జుల్మ్ హలాలవుతుందా?

సూడాన్ మాట ఎత్తితే చాలు, మన మహల్లాల్లో జవాబు తయారుగా ఉంటది: "అదంతా అమ్రీకా సాజిష్ భాయ్!" ఆ ఒక్క మాటతో బహస్ ఖతం. చచ్చినోళ్లెవరు, చంపినోళ్లెవరు అని అడిగే పని తప్పిపోతది. 2019లో ఆ దేశంలో ఏం జరిగిందో తారీఖుల వారీగా చూడండి. అది ఎవరి సాజిషో ఆ తర్వాత మాట్లాడుకుందాం.

1989 జూన్ 30న ఒమర్ అల్ బషీర్ ఫౌజ్ బలంతో గద్దెనెక్కాడు. ముప్పై ఏళ్లు షరీఅత్ పేరు చెప్పుకుంటూ ఏలాడు. ఆ పేరుతో ఆయన పోలీసులు చేసిందేమిటి? ఆడవాళ్ల బట్టలు కొలిచారు. 2009లో లుబ్నా హుసేన్ అనే జర్నలిస్టును పాంటు తొడుక్కున్నందుకు కోర్టుకీడ్చారు. దార్ఫూర్‌లోనేమో ఊళ్లకు ఊళ్లు తగలబెట్టించారు. ఐక్యరాజ్య సమితి అంచనా ప్రకారం అక్కడ మూడు లక్షల మంది ప్రాణాలు పోయాయి. యాద్ పెట్టుకోండి, వాళ్లంతా ముసల్మాన్లే. అరబ్ కబీలాల వాళ్లు కాకపోవడమే వాళ్ల ఖుసూర్. వాళ్ల కోసం మన మస్జిదుల్లో ఎన్ని చేతులు దువాకు లేచాయి?

2018 డిసెంబర్‌లో రొట్టె ధర ఒక పౌండు నుంచి మూడు పౌండ్లకు పోయింది. అత్బరా అనే రైల్వే ఊళ్లో జనం రోడ్డెక్కారు. 2019 ఏప్రిల్ 6 నాటికి ఆ సెగ ఖార్తూమ్‌లో ఫౌజీ హెడ్‌క్వార్టర్ గేటు ముందుకొచ్చి కూర్చుంది. వాళ్ల నారా రెండే మాటలు: "తస్ఖుత్ బస్!" పడిపోవాలి, బస్! ఎవరి బట్టలు కొలిచారో ఆ ఆడవాళ్లే ముందు వరుసల్లో నిలబడ్డారు. ఏప్రిల్ 11న బషీర్ గద్దె దిగాడు. కుర్సీలో మాత్రం ఫౌజీ జనరళ్లే కూర్చున్నారు.

రంజాన్ వచ్చింది. జనం లేవలేదు. అక్కడే రోజా, అక్కడే ఇఫ్తార్, అక్కడే నమాజ్. జూన్ 3న, ఇంకో రోజో రెండు రోజులో గడిస్తే ఈద్ అనగా, తెల్లారగట్ల తుపాకులతో మీద పడ్డారు. డాక్టర్ల కమిటీ లెక్కలో వంద మందికి పైగా షహీద్ అయ్యారు. నైలు నదిలోంచి మయ్యత్‌లు తీశారు. ఆ ఖబర్ బయటికి పొక్కకుండా నెల దాటి ఇంటర్నెట్ కోసేశారు.

రోజా ఉన్నోళ్ల మీద గోలీలు పేల్చింది అమ్రీకా ఫౌజా? కల్మా చదివేవాళ్లే. దార్ఫూర్‌ను కాల్చిన జంజవీద్ మూకల్లోంచి పుట్టిన దళాలే. బయటి హాథ్ వెతకాలంటే అదీ వెతుకుదాం. ఆ కాల్పులకు నెలన్నర ముందే సౌదీ, ఎమిరేట్స్ హుకూమత్‌లు ఆ జనరళ్లకు 300 కోట్ల డాలర్ల మదద్ ప్రకటించాయి. బషీర్ ఇంట్లో లక్షల యూరోలు దొరికితే, సౌదీ షహజాదా పంపిన పైసల్లోవేనని ఆయనే కోర్టులో చెప్పాడు. ఈ హాథ్ మనకెందుకు కనబడదు?

జనం మాత్రం భయపడలేదు. ఇంటర్నెట్ లేకున్నా జూన్ 30న, బషీర్ గద్దెనెక్కిన తారీఖునే, లక్షలాదిగా మళ్లీ వీధుల్లోకి వచ్చారు. ఆగస్టులో జనరళ్లు సంతకం పెట్టక తప్పలేదు. హమ్దోక్ ప్రధాని అయ్యాడు. నవంబర్‌లో ఆడవాళ్ల బట్టలు కొలిచే ఖానూన్ రద్దయింది. డిసెంబర్‌లో అవినీతి కేసులో బషీర్‌కు సజా పడింది.

"అంతా చేసి ఏం దక్కింది? 2021లో ఫౌజ్ మళ్లీ గద్దె లాక్కుంది. 2023 రంజాన్‌లో జంగ్ మొదలై కోటి మందికి పైగా ఇళ్లు వదిలారు" అంటారు. నిజమే. కానీ ఆ జంగ్ ఎవరిది? బుర్హాన్‌ది, హమీద్తీది. 2019లో రోజాదారుల మీద గోలీలు పేలిన రోజున హుకూమత్ నడిపింది ఆ ఇద్దరే. ఆగ్ పెట్టినోణ్ని వదిలేసి, నీళ్లు పట్టుకొచ్చినోణ్ని తిడతామా?

మన మీద జుల్మ్ జరిగితే తక్కిన ఖౌములు నోరు విప్పాలని అడుగుతాం. అడగడం మన హఖ్. కానీ జాలిమ్ మనవాడైతే మన నాలుక ఎందుకు మడత పడుతుంది? మజ్లూమ్ ఎవరైనా మజ్లూమే. జాలిమ్ పేరు చూసి తరాజూ వంచితే, రేపు మన ఫిర్యాదును ఎవరు తూకం వేస్తారు? జాలిమ్ హాకిమ్ ముందు హఖ్ మాట చెప్పడం ఎంత గొప్పదో జుమా ఖుత్బాల్లో వింటూనే ఉంటాం. ఆ మాట చెప్పినోళ్లు గోలీలకు నేలరాలితే మాత్రం వాళ్లను సాజిష్‌లో పావులంటాం.

హైదరాబాద్‌లో చదువుకోవడానికి వచ్చిన సూడానీ పిల్లలున్నారు. జుమాకు మన పక్కనే సఫ్‌లో నిలబడతారు. నమాజ్ అయ్యాక సలాం చేసి, ఇంటివాళ్లు ఎట్లున్నారని అడగండి. వాళ్లు చెప్పేదంతా వినండి. ఆ తర్వాత, వాళ్ల కళ్లలోకి చూసి ఆ సాజిష్ మాట అనండి, అనగలిగితే.