చెవి లేని పాఠం

అంతర్జాలంలో బోధన అంటే చక్కని దృశ్యపాఠం తయారుచేయడమేనని మన అధ్యాపకులలో చాలామంది నమ్మకం. వెలుతురు, ధ్వని, రంగుల పటాలు, వీటిపైనే శ్రద్ధ అంతా. విద్యార్థి నోటి మాట గురువు చెవిని చేరే దారి ఏదని అడిగేవారు తక్కువ. నా ఫిర్యాదు అదే.

2020 సెప్టెంబరు 1 నుండి మన ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు టీశాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. నేను అప్పటికే పదవీ విరమణ చేశాను. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలలో పనిచేసినవాణ్ణి గనుక, అక్కడి పాత శిష్యులు కొందరు తమ పిల్లల తెలుగు కాస్త చూడమన్నారు. పదిహేనుమంది, అందరూ పదో తరగతి.

మొదట వీడియో కాల్‌లో అందరిచేత ఒక్కసారిగా పద్యం చదివించబోయాను. ఒకరి గొంతు యతిస్థానం దాటేసరికి మరొకరిది పాదం మొదట్లోనే ఉంది! విసిగి, వారి మైకులు మూయించి నలభై నిమిషాలు నేనే చెప్పాను. బాగా చెప్పాననే అనుకున్నాను. మరునాడు 'భక్తి' అనే మాటకు గురులఘువులు గుర్తించమంటే తొమ్మిదిమంది 'క్తి'ని గురువు చేశారు. సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువని నేను రెండుసార్లు చెప్పిన మాటే. తరగతిలోనైతే బెంచీల మధ్య తిరుగుతూ పలక మీదనో నోటుపుస్తకంలోనో అప్పుడే పట్టుకునేవాణ్ణి.

ఆపై పద్ధతి మార్చాను. వాట్సాప్‌లో అయిదు నిమిషాల నా గొంతు, అందులో ఒక్క విషయమే. రాత్రిలోగా ప్రతి ఒక్కరూ పద్యం చదివి పంపాలి, గణవిభజన చేసిన పుటను ఫొటో తీసి పంపాలి. నేను పేరుపేరునా జవాబిచ్చేవాణ్ణి. వేళ నిర్ణయించలేదు. ఇంటికొకటే ఫోను, అది తండ్రితోపాటు మరమగ్గాల షెడ్డుకు పోతుంది. అమ్మ బీడీలు చుట్టే ఇళ్ళలోనూ పిల్లల చేతికి ఫోను అందేది రాత్రికే.

సిరిసిల్ల అమ్మాయి ఒకతె, బడిలో నోరే విప్పదని తల్లి చెప్పింది. మగ్గాల చప్పుడు వెనుక వినబడుతుండగా ఆమె పద్యం వచ్చింది, యతి దగ్గర చక్కని విరుపుతో. ఎలా నేర్చావమ్మా అంటే, "ఆరుసార్లు తప్పు పోయింది సార్, తుడిచేసి ఏడోసారి పంపిన" అంది. ముప్పయ్యారేళ్ళ నా తరగతులలో ఒక పిల్లకు ఒక పద్యం ఏడుసార్లు చదివే వీలు నేనెప్పుడూ ఇవ్వలేదు.

అయితే పదిహేనుమందిని వినడానికి రోజూ రెండు గంటలు పట్టేది. వేలమందికి ఒక్కరే చెప్పే కోర్సులలో ఇది సాధ్యం కాదు. అక్కడ చెప్పేవారు ఒకరైనా వినేవారు పదులమంది ఉండాలి. 1982లో మొదలైన మన సార్వత్రిక విశ్వవిద్యాలయం కూడా పుస్తకాలు ఇంటికి పంపి ఊరుకోలేదు, అధ్యయన కేంద్రాలు పెట్టింది. మావంటి విశ్రాంత పండితులు ఊరూరా ఉన్నారు, అడిగితే కాదనరు. (మాకూ పొద్దుపోవాలి కదా.)

2021 ఏప్రిల్‌లో పదో తరగతి పరీక్షలు రద్దయ్యాయి. ఆ వారం పద్యాలు పంపినవారు నలుగురే. సిరిసిల్ల అమ్మాయి వారిలో లేదు. ఫోను చేస్తే తండ్రి ఎత్తాడు. షెడ్డులో ఉన్నాడేమో, నేను అడిగింది అతనికి వినబడలేదు.