సరమ సీమ ప్రయాణం

చాలాకాలం తరువాత ఈ పుటకు మళ్ళీ వస్తున్నాను. ఛందస్సు గురించో, మన్యపు మాటల గురించో వ్రాస్తానని ఎదురుచూసే బ్లాగ్మిత్రులు క్షమించాలి. ఈ టపాకు విషయం ఒక కుక్క. దాని పేరు సరమ. భారతం చదివినవారికి ఆ పేరు వినగానే ఆదిపర్వం స్ఫురిస్తుంది. ఏ నేరమూ చేయని తన బిడ్డను జనమేజయుని తమ్ములు కొట్టగా, రాజు ఎదుటికే వెళ్ళి న్యాయమడిగిన దేవశునకం సరమ.

మా సరమ దేవలోకపు జీవి కాదు. 2020లో కరోనా కాలాన మా అమ్మాయి ఇంటి నుంచే ఉద్యోగం చేసుకుంటూ అరకులో మా దగ్గర ఉండిపోయింది. ఒకనాటి సాయంత్రం కాఫీతోట గట్టున వానలో తడుస్తున్న ఊరకుక్క పిల్లను చున్నీలో చుట్టుకొని తెచ్చింది. చోడి అంబలి తాగి, మా వాకిట్లో పెరిగింది సరమ. తరువాత అమ్మాయి ఉద్యోగరీత్యా ఇంగ్లండు వెళ్ళిపోయింది. కుక్క నాకు మిగిలింది. ఇంట్లో మాట్లాడడానికి నాకున్న తోడు అదొక్కటే.

ఈ సంక్రాంతికి అమ్మాయి వచ్చింది. పండుగ మరునాడు, "నాన్నా, ఈసారి సరమను నాతో తీసుకుపోతాను" అంది.

"దానిదేముంది, దానికీ ఒక టిక్కెట్టు కొనమ్మా" అన్నాను.

మా ఇద్దరి అజ్ఞానమూ ఆ ఒక్క మాటలోనే బయటపడింది. విచారించగా తేలినదేమిటంటే, టిక్కెట్టు ఈ వ్యవహారంలో చిట్టచివరి మెట్టు. మొదటి మెట్టు దానికి కొన్ని నెలల ముందే ఎక్కవలసి ఉంది.

మిత్రులలో పరదేశాలలో ఉన్నవారు చాలామంది కనుక ఆ మెట్లను వరుసగా చెబుతాను. బ్రిటనుకు కుక్కను తీసుకుపోవాలంటే మొదట దాని మెడ దగ్గర చర్మం క్రింద బియ్యపుగింజంత మైక్రోచిప్ పెట్టించాలి. ఆ తరువాతనే రేబీస్ టీకా. టీకా వేసిన 30 రోజులకు తక్కువ కాకుండా ఆగి రక్తం తీయించి, గుర్తింపు పొందిన ప్రయోగశాలకు పంపాలి. మిల్లీలీటరు రక్తద్రవంలో కనీసం 0.5 అంతర్జాతీయ యూనిట్ల ప్రతిరక్షకాలు ఉన్నట్లు తేలాలి. రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు నిరీక్షించాలి. ప్రయాణానికి 24 గంటల నుంచి 120 గంటల ముందు బద్దెపురుగుల మందు పశువైద్యుని చేత వేయించాలి. చివరి పది రోజులలో ఆరోగ్య ధ్రువపత్రం పుచ్చుకోవాలి. అన్నీ అయ్యాక కూడా విమానంలో మన కాళ్ళ దగ్గర కూర్చోబెట్టుకొని ఆ దేశంలో దిగడానికి వీల్లేదు. సరకుగానే దిగాలి. ఏ ఒక్కటి లోపించినా నాలుగు నెలల వరకు క్వారంటైన్‌లో ఉంచవచ్చు, లేదా వెనక్కి పంపవచ్చు.

ఇందులో నేను చేసిన పొరపాటు చెబితే మరొకరికి మేలు కలుగుతుంది. సరమకు ఏటా రేబీస్ టీకా వేయిస్తూనే ఉన్నాను. కార్డులో తేదీలన్నీ ఉన్నాయి. ఆ కార్డు పట్టుకొని ఘాట్ రోడ్డు దిగి విశాఖ వెళ్ళాను. అక్కడి పశువైద్యుడు చూసి, "మాస్టారూ, ఇవేవీ లెక్కలోకి రావు. చిప్ లేకుండా వేసిన టీకా ఈ కుక్కకే వేశారని ఋజువేమిటి?" అన్నాడు. నలభై ఏళ్ళు హాజరుపట్టీ పట్టుకొని తిరిగిన నాకు ఆ ప్రశ్నకు జవాబు దొరకలేదు. పేరు వ్రాయని జవాబుపత్రానికి నేను మాత్రం ఎన్నడైనా మార్కులు వేశానా? చిప్ పెట్టించి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాము. సెలవు అయిపోయి అమ్మాయి ఒంటరిగానే తిరిగి వెళ్ళింది.

ఆ రోజులలో నాకు కోపం వచ్చిన మాట నిజం. కొన్ని దేశాల నుంచి వచ్చే కుక్కలకు ఈ రక్తపరీక్షా లేదు, ఈ మూడు నెలల నిరీక్షణా లేదు. వాటికొక జాబితా ఉంది. అందులో మన దేశం లేదు. రెండు శతాబ్దాలు మన కాఫీగింజలు, మన కలప, మన మనుషులు పనికివచ్చిన సీమకు మన కుక్క పనికిరాలేదా అని అమ్మాయితో ఫోనులో అన్నాను కూడా. అమ్మాయి ఏమీ అనలేదు. ఫోను పెట్టేశాక నాకొక కుర్రవాడు గుర్తుకు వచ్చాడు.

1990ల నాటి మాట. అప్పుడు నేను మన్యంలో ఒక ఆశ్రమ పాఠశాలలో తెలుగు పండితుణ్ణి. సెలవులకు కొండ మీది తన పల్లెకు వెళ్ళిన ఏడవ తరగతి పిల్లవాణ్ణి ఒక కుక్కపిల్ల కరిచింది. చిన్న గాటు. ఇంటివాళ్ళు పసరు కట్టారు. ఆసుపత్రికి పోవాలంటే కాలినడకన ఒక పూట. పోయినా బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న భయం. (ఆ పాత టీకా తయారీ మన దేశంలో 2004 చివర ఆగిపోయింది. ఇప్పుడు చేతికి వేసే నాలుగైదు సూదులతో సరిపోతుంది.) రెండు నెలల తరువాత వాడు బడిలోనే జ్వరపడ్డాడు. నేను గ్లాసుతో నీళ్ళు అందిస్తే, ఆ గ్లాసు చూసి వాడి గొంతు బిగుసుకుపోయింది. అంతకుమించి వ్రాయలేను. లక్షణాలు బయటపడ్డాక ఆ జబ్బుకు మందు లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

మన దేశంలో ఏటా 18,000 నుంచి 20,000 మంది రేబీస్‌తో మరణిస్తారని, ప్రపంచపు రేబీస్ మరణాలలో 36 శాతం ఇక్కడివేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలాకాలంగా చెబుతూ వచ్చింది. ఐ.సి.ఎమ్.ఆర్. శాస్త్రవేత్తల ఇటీవలి అధ్యయనం ఆ సంఖ్యను 5,700 పైచిలుకుగా అంచనా వేసింది. తగ్గితే సంతోషమే. కానీ 1885లోనే పాశ్చర్ టీకా కనిపెట్టిన జబ్బుకు ఇన్ని వేల మందిని ఇంకా అప్పగిస్తున్నాము. చనిపోయేవారిలో పిల్లలు చాలామంది. కనుక ఆ జాబితాలో మన పేరు లేకపోవడం నాకు అవమానంగా తోచడం మానేసింది. అందులో ఉన్నది మన లెక్కే.

సీమవారి భయానికీ ఒక చరిత్ర ఉంది. ఇరవయ్యో శతాబ్దపు ఆరంభానికి వాళ్ళు రేబీస్‌ను తమ ద్వీపం నుంచి తరిమివేశారు. మొదటి ప్రపంచయుద్ధం చివర సైనికులు ముద్దుకొద్దీ దొంగచాటుగా తెచ్చుకొన్న కుక్కలతో 1918లో అది మళ్ళీ ప్రవేశించింది. వదిలించుకోవడానికి 1922 దాకా పట్టింది. కుక్కల మీది ప్రేమే తెచ్చిపెట్టిన ముప్పు అది. వచ్చిన ప్రతి కుక్కనూ ఆరు నెలలు నిర్బంధంలో ఉంచే పాత పద్ధతిని వాళ్ళు 2000 నుంచి క్రమంగా సడలిస్తూ, 2012 నాటికి మన వంటి దేశాలకు కూడా నేటి టీకా, రక్తపరీక్షల దారి తెరిచారు. అంటే ఈ నిబంధనలు తలుపు మూయడానికి పెట్టినవి కావు, మూసిన తలుపును తెరవడానికి పెట్టినవి.

మిగిలిన దేశాలూ ఇంతే. అమెరికా 2024 ఆగస్టు 1 నుంచి నియమాలు మార్చింది. ఆరు నెలల వయసు, మైక్రోచిప్ ఏ కుక్కకైనా తప్పవు. మన దేశంలో టీకా వేసుకొన్న కుక్క అయితే దానికి సంబంధించిన ప్రత్యేక ధ్రువపత్రం ఉండాలి, నిర్ణీత విమానాశ్రయాలలోనే దిగాలి. రక్తపరీక్ష లేకపోతే 28 రోజుల క్వారంటైన్. ఆస్ట్రేలియా మరీ కఠినం. 2015లో హాలీవుడ్ నటుడు జానీ డెప్ దంపతులు రెండు చిన్న కుక్కలను చెప్పకుండా సొంత విమానంలో తీసుకువెళితే, వెనక్కి పంపకపోతే చంపవలసి వస్తుందని అక్కడి మంత్రి బహిరంగంగానే అన్నాడు. ఈ నియమాలు తరచు మారుతుంటాయి. ప్రయాణం తలపెట్టినవారు ఆయా ప్రభుత్వాల పుటలను స్వయంగా చూసుకోవాలి. నా టపా చదివి బయలుదేరవద్దు.

ఇక్కడ మిత్రులు మహాప్రస్థానిక పర్వం ఎత్తుతారని తెలుసు. కుక్కను విడిచి స్వర్గానికి రానన్న ధర్మరాజు మాటేమిటి అని. ఆ ఘట్టం నేను పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఈ ఏడు మాత్రం వేరే విధంగా కనబడింది. ఇంద్రుడు కుక్కకు స్వర్గంలో చోటు లేదన్నాడే గాని, ఫలానా విధంగా తీసుకురమ్మని దారి చూపలేదు. ఈ కాలపు ద్వారపాలకులు దారి చూపుతున్నారు. కొన్ని నెలలు ఓపిక పట్టమంటున్నారు. పైగా ధర్మరాజు కుక్కను ఉత్తరీయంలో దాచి రథమెక్కలేదు. ద్వారం దగ్గరే నిలబడ్డాడు. విడవకపోవడం ధర్మం. దాచడం కాదు.

నిబంధనలకు మనసు లేదనేవారికి ఒక సంగతి చెప్పాలి. 2022లో ఉక్రెయిను యుద్ధం వచ్చినప్పుడు మన విద్యార్థులు కొందరు తమ కుక్కలను, పిల్లులను వదిలి రామన్నారు. మామూలుగా విదేశం నుంచి పెంపుడు జంతువును తేవడం మన దగ్గరా తేలిక కాదు. అయినా ఆ ఒక్కసారికి కేంద్ర ప్రభుత్వం నియమాలు సడలించింది, అవి యజమానులతో స్వదేశం చేరాయి. తణుకుకు చెందిన డాక్టర్ గిరికుమార్ పాటిల్ గారి కథ వేరు. దోన్బాస్ ప్రాంతంలో ఆయన పెంచినవి ఒక జాగ్వార్, ఒక నల్లచిరుత. వాటిని వదిలి రానని బాంబుల మధ్యనే ఉండిపోయారు. చివరకు బ్రతుకుతెరువు కోసం వాటిని అక్కడే ఒకరికి అప్పగించి పోలండు వెళ్ళవలసి వచ్చింది, వాటిని కాపాడమని ప్రభుత్వాన్ని వేడుకొన్నారు. ఆయన ప్రేమను నేను శంకించను. కానీ వన్యమృగానికి సరిహద్దు దాటే దారి కుక్కకున్నంత సుళువుగా ఏ దేశంలోనూ ఉండదు. ప్రాణిని ఇంటికి తెచ్చుకొనే రోజునే, ఒకనాడు దీనితో ఊరు దాటవలసివస్తే ఎలా అని ఆలోచించుకోవాలి.

ఇక నేను చెప్పదలచినది. ఒక్క సరమ కోసం మేము పెడుతున్న ఖర్చు, పరీక్షలు, సరకు విమానం, కేంద్ర ప్రభుత్వపు క్వారంటైన్ అధికారుల ధ్రువపత్రం, అన్నీ కలిపితే లక్షల్లో ఉంది. అందులో రేబీస్ టీకా వంతు కొన్ని వందల రూపాయలు మాత్రమే. ఊరి కుక్కలలో 70 శాతానికి ఏటా టీకా పడితే ఆ జబ్బు గొలుసు తెగిపోతుందని వైద్యులు చెబుతారు. గోవాలో అలాగే చేశారు. 2021లో ఆ రాష్ట్రాన్ని రేబీస్ నియంత్రిత ప్రాంతంగా ప్రకటించారు. మన దేశం 2030 నాటికి కుక్కల ద్వారా వచ్చే రేబీస్‌ను అంతం చేయాలని 2021లోనే ప్రణాళిక ప్రకటించింది. అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఈనాటికీ రోగులను డోలీలో మోసుకువచ్చే పల్లెలున్నాయి. అటువంటి చోట కాటు తరువాతి సూది కంటే, కాటుకు ముందే కుక్కకు వేసే సూది దగ్గర దారి. కాటు పడితే మాత్రం పదిహేను నిమిషాలు సబ్బునీళ్ళతో కడిగి, ఎంత దూరమైనా ఆసుపత్రికి పోవలసిందే.

కనుక నా విన్నపం ఇది. మీ కుక్కను విదేశానికి తీసుకుపోతున్నారా? సంతోషం. ఆ రోజు పశువైద్యుణ్ణి పిలిచినప్పుడు మీ వీధిలో యజమాని లేని కుక్కలకు కూడా టీకా వేయించండి. పరాయి దేశపు పిల్లల క్షేమం కోసం మనం కాగితాలతో సహా చేసే పనిని, మన పిల్లల కోసం కాగితాలు లేకుండానైనా చేద్దాం.

సరమ రక్తపరీక్ష ఫలితం వచ్చింది, గట్టెక్కింది. ఇంకా అయిదు వారాల నిరీక్షణ ఉంది. మొన్న మా వీధిలో పదకొండు కుక్కలకు టీకాలు వేయించాను. పట్టుకోవడానికి నా పాత విద్యార్థులు వచ్చారు. ఇద్దరికి గీరుడు తగిలింది, వాళ్ళకూ సూదులు వేయించాము. అందరూ వెళ్ళాక సరమ వచ్చి నా పాదాల మీద తల పెట్టుకొని పడుకొంది. నేను దానిని పంపించడానికే ఇంత శ్రమపడుతున్నానని దానికి తెలియదు. అయిదు వారాల తరువాత ఈ వాకిలి బోసిపోతుంది. అది చేరవలసినది దానిని వానలో నుంచి ఎత్తుకొని వచ్చిన చేతులకే గనుక, నాకు అభ్యంతరం లేదు.

మీలో ఎవరైనా ఈ దారిన నడిచి ఉంటే మీ అనుభవాన్ని వ్యాఖ్యగా వ్రాయగలరు. ఇక సెలవు.