మేడమీది ముచ్చటలు: పురానాపూల్ మీది డేగ

పోయిన నెల మేము ఈ శీర్షికలో పెరటి పిచ్చుకలను గూర్చి వ్రాసియుంటిమి. అది చదివి ఒక సోదరి మాకిట్లు జాబు వ్రాసినారు: "పిచ్చుకలకు నాలుగు గింజలు చల్లుట పుణ్యమే, కాదనను. కాని యింటి యిల్లాలు చేతిపని విడిచి ఆకాశమువైపు ముఖమెత్తి నిలుచుండిన చూచువారేమనుకొందురు? దానివలన లాభమేమి?" ఈ ప్రశ్న న్యాయమైనదే. లాభమును లెక్కకట్టి చూపు నేర్పు మాకు లేదు. మేము చూచినది చూచినట్లు చెప్పెదము. తరువాత సోదరీమణులే తీర్పు చెప్పవలయును.

మా యిల్లు హైదరాబాదు పాతబస్తీలో, పురానాపూల్ దర్వాజాకు కొలది దూరమున నున్నది. పురానాపూల్ అనగా పాతవంతెన. 1578లో ఇబ్రహీం కుతుబ్ షా మూసీనదిపై దీనిని కట్టించెను. అప్పటికి చార్మినారు గాని హైదరాబాదు నగరము గాని పుట్టలేదు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలకొలది ప్రాణములను బలిగొన్న వరదను చూచిన రాళ్ళివి. నేడు బండ్లు ప్రక్కనున్న క్రొత్త వంతెనమీద పోవుచున్నవి. పాతదానిమీద కూరగాయలవారు గంపలు దించుకొని కూర్చుందురు. క్రింద పారు నీటిని చూచి ముక్కు మూసికొనవలసినదే. అయినను తల పైకెత్తినచో అచ్చట మఱియొక లోకము కలదు.

ఉదయము తొమ్మిది గంటలు దాటి, ఎండ కాక పట్టగానే వంతెనపై గ్రద్దలు లేచును. నేల వేడెక్కిన కొలది గాలి పైకెగయుచుండును. గ్రద్ద ఆ గాలిపై రెక్కలు చాపి, ఒక్కసారియైనను రెక్క కొట్టక, చుట్లు తిరుగుచు మేఘములదాక పోవును. ఆపద తొలగుటకై దానముగా మాంసపు ముక్కలను గ్రద్దలకు విసరు వాడుక పాతబస్తీలో కొందఱియందు కలదు. నదియొడ్డు చెత్తయు వానికి ఆహారమే. కాబట్టి మా ఆకాశమున గ్రద్దలకు కొదువలేదు.

మొదట మాకును పైన తిరుగునదెల్ల గ్రద్దయే. కొన్నాళ్ళు చూడగా చూడగా భేదములు తెలిసెను. తోక చివర చీలియుండిన అది నల్లగ్రద్ద. తోక గుండ్రముగా, తలయు రొమ్మును తెల్లగా, తక్కిన యొడలు ఇటుకవన్నెగా నుండిన అది గరుడపక్షి. దానిని చూడగానే మా యత్తగారు చెంపలు వేసికొందురు. జాలెడేగ పావురమంతటిది. రెక్కలు పొట్టివి, తోక పొడవైనది, తోకపై అడ్డుచారలుండును. వేపకొమ్మలలో దాగి తొండలను, పిచ్చుకలను పట్టుకొనును. దాని రాకను కంటికంటె ముందు చెవియే కనిపెట్టును. పెరటిలో పిచ్చుకల రొద చటుక్కున ఆగిపోవును. ఉడుత మాత్రము తోక యాడించుచు కీచుమని అరచుచుండును. బియ్యమేరుచు కూర్చున్న స్త్రీ చేట దింపనక్కఱలేకయే డేగ వచ్చినదని తెలిసికొనవచ్చును.

తీతువు కూసిన అపశకునమని మన యిండ్లలో అనుకొందురు. పాపము, అది నీటియొడ్డున వట్టి నేలమీదనే గ్రుడ్లు పెట్టు పక్షి. కుక్కయో మనిషియో దగ్గఱకు వచ్చిన, బిడ్డల కొఱకు గగ్గోలు పెట్టును. అది మన కీడు కోరి కూయుటలేదు. మనవలన తనకు కీడు వచ్చునని కూయుచున్నది. ఇది తెలిసిన నాటినుండి మా యింటిలో తీతువును ఎవరును తిట్టరు.

ఇక అసలు ముచ్చటకు వత్తము. పోయిన యేడు మార్గశిరమాసములో ఒక ఉదయము మేము వంతెనమీద వంకాయలు బేరమాడుచుంటిమి. కమానుల సందులలో కాపురముండు పావురములు ఒక్కుమ్మడిగా లేచి, ముద్దగా గుమిగూడి, ఇటునటు తిరుగసాగెను. మేము తలయెత్తి నిలుచుంటిమి. కూరలమ్ము ముసలామె నవ్వి, "ఏం జూస్తున్నవమ్మా మీదికి? వంకాయలు ఈడున్నయి," అనెను.

"పావురాలెందుకు బెదిరినయవ్వా?" అని మేమడిగితిమి.

"గా సెల్ టవరు మీద జూడు. అది గద్ద గాదు, డేగ. చలికాలంల వస్తది, ఎండలు ముదిరితె పోతది. ఎన్నేండ్ల సందో జూస్తున్న."

టవరు కొనమీద ఒక పక్షి నిటారుగా కూర్చుండియుండెను. గ్రద్దకంటె చిన్నది, వీపు సీసపువన్నె, రొమ్ము తెలుపు, కంటిక్రింద మీసమువంటి నల్లని చార. మేము చూచుచుండగనే అది లేచెను. కొడవళ్ళవలె మొనదేరిన రెక్కలను వడివడిగా కొట్టుచు, పావురములకంటె పైకి, ఇంకను పైకి పోయి, ఆవగింజంత యయ్యెను. పిమ్మట రెక్కలు ముడిచి రాయివలె పడెను. పావురముల ముద్ద రెండుగా చీలెను. మా గుండె ఆగినంత పనియైనది. ఏ పావురమును చిక్కలేదు. డేగ నీటిమీదుగా సాగి, ఉత్తకాళ్ళతో మఱల టవరునకు చేరెను. "ఇయ్యాల దానికి ఉపాసమే," అని అవ్వ తక్కెడ ఎత్తెను.

ఇంటికి వచ్చి పుస్తకములు తిరగవేసితిమి. అది బైరిడేగ, ఆంగ్లమున పెరిగ్రిన్ అందురు. ఆ మాటకు దేశములు తిరుగునది యని యర్థము. పైనుండి దూకునప్పుడు దాని వేగము గంటకు 300 కిలోమీటర్లు దాటును. ప్రాణులలో దీనిని మించిన వేగముగలది లేదు. ఈ జాతిలో ఆడుదియే మగదానికంటె పెద్దది, బలమైనది. ఇంతటి వేటగత్తెకును ఒకప్పుడు గొప్ప ఆపద వచ్చెను. రెండవ ప్రపంచయుద్ధము తరువాత పొలములపై చల్లిన డీడీటీ పురుగులనుండి పిట్టలకు, పిట్టలనుండి డేగకు చేరి, దాని గ్రుడ్ల పెంకులను పలుచన చేసెను. తల్లి పొదుగుటకు కూర్చుండగా ఆమె బరువునకే గ్రుడ్లు చితికిపోయెను. అమెరికాలో ఆ మందును 1972లో నిషేధించినారు. పక్షులు క్రమముగా కోలుకొనగా, 1999లో ఆ దేశపు అపాయస్థితి జాబితానుండి ఈ డేగ పేరును తీసివేసినారు.

డేగను చూచి మురియుట మనతో మొదలైనది కాదు. కల్యాణ చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో కూర్చిన మానసోల్లాసమున డేగవేట రాజవినోదములలో నొకటిగా వర్ణింపబడినది. ఆ రాజులు డేగను పట్టి, మచ్చిక చేసి, ముంజేతిపై నిలిపి ఆనందించినారు. 1931, 1932 సంవత్సరములలో సలీం అలీగారు నిజాం రాజ్యమంతయు తిరిగి ఇచ్చటి పక్షులను పరిశీలించి గ్రంథస్థము చేసినారు. 1980లో ఈ నగరముననే పక్షులను చూచువారి సంఘమొకటి ఏర్పడినది. అదియే నేటి దక్కన్ బర్డర్స్. రాజునకు డేగ చేతిమీద నుండిననే ఆనందము. మనకో, అది మన చేతికి చిక్కకుండుటయే ఆనందము. దానికి గవ్వయైనను ఖర్చులేదు. గడప దాటనక్కఱయు లేదు.

కాని ఆ యానందము మామీద ఒక బాధ్యతను పెట్టినది. అది చెప్పుటకు మాకు సిగ్గుగానున్నది, అయినను చెప్పవలయును.

ఆ డేగను చూచిన నెలకే సంక్రాంతి వచ్చెను. గాలిపటములకు పేరుపొందిన ధూల్‌పేట మాకు కూతవేటు దూరము. మా చిన్నవాని పోరు పడలేక ఒక అంగడిలో పతంగులు, చరఖా కొనియిచ్చితిమి. అంగడివాడు దారమును బల్లక్రిందనుండి తీసినాడు. అది గాజుపొడి పూసిన నైలాను మాంజా. దానిని 2017 జూలైలోనే జాతీయ హరిత న్యాయస్థానము దేశమంతట నిషేధించినది. మేము ఏమియు అడుగలేదు. పిల్లవాడు సంతోషించినాడు, అంతటితో మా తల్లిప్రేమ తృప్తిపడినది.

కనుమ మఱునాడు బట్టలారవేయుటకు మేడమీదికి పోయి, వాడుక చొప్పున తలయెత్తితిమి. మా వెనుకనున్న వేపచెట్టుకొనను ఒక నల్లగ్రద్ద తలక్రిందుగా వ్రేలాడుచుండెను. కంఠము వరకు ఎండిన నోరు తెఱచియున్నది. కన్ను మాత్రము తిరుగుచున్నది. రెక్కకు చుట్టుకొన్న దారము గులాబివన్నెది. మా చరఖా దారమును గులాబివన్నెదే. అది మాదేయని రుజువు లేదు. కాదనుటకు మాకు ధైర్యమును లేకపోయెను. కబురుచేయగా నిచ్చెనతో వచ్చినవారు దానిని దించినారు. దారము ఎముకదాక కోసినది. వచ్చినవారిలో పెద్దవాడు చూచి, "బ్రతికినా ఎగరదమ్మా," అని గోనెసంచిలో మెల్లగా చుట్టి తీసికొనిపోయెను. మా చిన్నవాడు, "ఎగరకుంటె అదేం జేస్తదమ్మా?" అని అడిగెను. మేము బదులు చెప్పలేకపోతిమి. వాడు ఆ సాయంకాలము వెదురుకఱ్ఱ పట్టుకొని, వీధిలోని మేడలన్నియు తిరిగి, తెగిన దారములను రెండు సంచులనిండ లాగి తెచ్చెను.

మన యొక్క యింటివారము మానినంత మాత్రమున ఏమగునని కొందఱనవచ్చును. నాగాలాండులో దోయాంగ్ జలాశయముకడ అక్టోబరు, నవంబరు మాసములలో అముర్ డేగలు లక్షలుగా దిగును. ఒక్కొక్కటి సుమారు 150 గ్రాములు మాత్రమే తూగు యీ చిన్న డేగలు మన దక్షిణాపథమును, అరేబియా సముద్రమును దాటి ఆఫ్రికా దక్షిణభాగమునకు పోవును. 2012లో అచ్చటివారు వానిని వేలకు వేలుగా వలలలో పట్టి చంపినారు. సంగతి లోకమునకు తెలిసి, ఊరిపెద్దలు కూడి కట్టుబాటు చేసికొనగా, 2013లో అదే చోట ఆ వేట ఆగిపోయినది. అన్నము పుట్టించు వేటనే ఒక యేడాదిలో మానుకొన్నవారుండగా, ఆటకు కొన్న దారమును మనము మానలేమా?

దసరానాటి పాలపిట్ట సంగతియు ఇట్టిదే. ఆనాడు పాలపిట్టను చూచుట శుభమని పెద్దలు చెప్పినారు. ఊరివెలుపలికి పోయి, తీగమీద కూర్చున్నదానిని చూడుమని వారి భావము. నేడు కొందఱు దానిని ముందుగనే పట్టి, కాళ్ళు కట్టి, పంజరములో పెట్టి గుమ్మముకడకు తెచ్చి రూకలడుగుచున్నారు. ఇది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు విరుద్ధము. అదియునుగాక, ఎగురలేని పిట్టను చూచుటలో శుభమెక్కడిది? ఒక్కరు డబ్బు ఇచ్చిన, వచ్చు పండుగకు రెండు పిట్టలు వలలో పడును.

మఱల సంక్రాంతి వచ్చుచున్నది. సోదరీమణులకు మా మనవి యిది. పిల్లలకు నూలుదారమే కొనియిండు. పక్షులు గూళ్ళనుండి లేచు ప్రాతఃకాలమునను, గూళ్ళకు మరలు సంధ్యవేళను పతంగులు ఎగురవేయనీయకుడు. పండుగ మఱునాడు మేడలమీద, చెట్లమీద చిక్కిన దారములను తీయింపుడు. చిక్కుకొన్న పక్షి కంటబడిన దారమును పట్టి లాగరాదు. పక్షికి దగ్గఱగా కత్తిరింపవలయును. తలపై పలుచని గుడ్డ కప్పిన అది శాంతించును. గాలి సోకుటకు రంధ్రములు చేసిన అట్టపెట్టెలో నుంచి, నోటిలో నీరు పోయక, అటవీశాఖవారికి వెంటనే తెలుపవలయును.

ఇక ఆ సోదరి ప్రశ్నకు మా జవాబు. తలయెత్తి చూచు అలవాటు మాకు లేకుండినచో ఆ గ్రద్ద మా యింటి వెనుకనే ఎండి రాలిపోయియుండును. మేము ఆరిన బట్టలు మడతపెట్టుకొని దిగియుందుము. వచ్చు సంవత్సరమును అదే అంగడిలో అదే దారము కొనియుందుము. చూచుటవలన కలిగిన లాభము మాకు తెలిసినంతలో ఇదియే. చూచువారేమనుకొందురన్న దానికి మాత్రము మాయొద్ద జవాబు లేదు. మా వీధివారు మొదట నవ్వినారు. ఇప్పుడు వారును తలయెత్తుచున్నారు.

నిన్న వంతెనమీదినుండి వచ్చిన పొరుగామె చెప్పినది: టవరుమీదికి డేగ మఱల వచ్చినదట. ఇంటిలో కూరలు ఉన్నవి. అయినను రేపు మేము వంకాయలకు పోవలసియున్నది.