కామాయు, ‘హిజ్’ అను మాటయు

అమెరికాలోని మెయిన్ రాష్ట్రమున పాల లారీలు నడుపు డ్రైవర్లకును, ఓక్‌హర్స్ట్ డెయిరీ అను సంస్థకును నడుమ జరిగిన వ్యాజ్యము ఇంగ్లీషు నేర్చువారెల్లరు తెలిసికొనదగినది. వారమునకు 40 గంటలు మించి పనిచేసినవారికి, మించిన గంటలకు ఒకటిన్నర రెట్ల వేతన మీయవలెనని ఆ రాష్ట్ర శాసనము విధించుచున్నది. అయితే ఆహారపదార్థములను డబ్బాలలో నింపుట, ఎండబెట్టుట, నిలువచేయుట మొదలగు కొన్ని పనులు చేయువారికి ఆ హక్కు లేదు. ఆ పనుల పట్టిక చివర నాడు శాసనమున నున్న మాటలు ‘ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్’ అనునవి. ‘షిప్‌మెంట్’ తరువాత కామా లేదు. వ్యాజ్యమునకు మూల మదియే.

సర్దుట యొక పని, పంపిణీ వేరొక పని. పంపిణీ చేయు డ్రైవర్లకు అదనపు వేతనము రాదని సంస్థ వాదించెను. పట్టికలో నున్నది సర్దుట యొక్కటే, అది రవాణాకైనను పంపిణీకైనను కావచ్చును; తాము సర్దువారము కాము, నడుపువారమని డ్రైవర్లు వాదించిరి. క్రింది న్యాయస్థానమున సంస్థ గెలిచెను. 2017లో అప్పీలు న్యాయస్థానము ఆ వాక్యము రెండు అర్థములకును తావిచ్చుచున్నదనియు, అట్టి సందేహము కలిగినపుడు శ్రామికులకు అనుకూలమైన అర్థమునే గ్రహింపవలెననియు నిర్ణయించెను. 2018లో సంస్థ 50 లక్షల డాలర్ల కొప్పుకొని రాజీపడెను. ఈలోగా రాష్ట్ర శాసనసభ ఆ పట్టికను సెమికోలన్లతో విడదీసి తిరిగి వ్రాసెను.

ఇందు తెలుగు విద్యార్థి గమనింపదగిన విషయమొకటి కలదు. ఆ వాక్యమును తెలుగున సందిగ్ధముగా వ్రాయుట కష్టము. డ్రైవర్ల అర్థమున ‘రవాణాకు గాని పంపిణీకి గాని పెట్టెలలో సర్దుట’ అని వ్రాయవలెను; సంస్థ యర్థమున ‘రవాణాకు పెట్టెలలో సర్దుట, పంపిణీ చేయుట’ అని వ్రాయవలెను. తెలుగున విభక్తి ప్రత్యయము పదము వెన్నంటియే యుండును. ‘పంపిణీకి’ అనునపుడు చివరి ‘కి’ చేయు పనిని ఇంగ్లీషున మాటల వరుసయు, కామాయు చేయవలసియున్నవి. అందుచే ఇంగ్లీషు కామా అలంకారము గాదు. ఆ భాషలో అది ప్రత్యయము వంటిది.

సర్వనామముల సంగతియు నిట్టిదే. ‘రాము టోల్డ్ కృష్ణ దట్ హిజ్ ఎస్సే వాజ్ లాస్ట్’ అని బాలుడు వ్రాసెననుకొందము. పోయిన వ్యాస మెవ్వరిది? వ్రాసినవానికి తెలియును, చదివినవానికి తెలియదు. తెలుగున ‘తన వ్యాసము పోయినదని రాము కృష్ణతో చెప్పెను’ అన్నచో అది రామునిది; ‘అతని వ్యాసము’ అన్నచో రామునిది కాదు. ‘తన’కును ‘అతని’కిని గల యీ భేదము ‘హిజ్’ అను మాటకు లేదు. తన భాషలో అయాచితముగా లభించిన స్పష్టత పరభాషలోను లభించినదని బాలుడు భ్రమపడుచున్నాడు. అతడు పేరును మరల వ్రాయవలెను. లేదా రాము పలికిన మాటలను ఉద్ధరణ చిహ్నముల నడుమ నుంచి, ‘మై’ అనియో ‘యువర్’ అనియో వ్రాయవలెను. పేరు రెండుమారులు వచ్చుట దోషమని జంకనక్కరలేదు. పునరుక్తి చెవికి కొంచెము బరువు. సందేహము బుద్ధికి బరువు.

అట్లని తెలుగు సర్వత్ర స్పష్టమని గర్వింపరాదు. ‘చదివిన బాలురు ఉత్తీర్ణులైరి’ అన్నపుడు బాలురందరును చదివిరో, చదివినవారు మాత్రమే ఉత్తీర్ణులైరో తెలియదు. ఇంగ్లీషున ‘బాయ్స్’ తరువాత కామా యుంచి, ‘హూ’తో ఆరంభమగు ఉపవాక్యము చివర మరియొక కామా నుంచినచో అందరును చదివినట్లు, ఆ రెండును తీసివేసినచో చదివినవారు మాత్రమే. ఇచట ఇంగ్లీషు కామా తెలుగు చేయలేని పనిని చేయుచున్నది. ఒక్కొక్క భాష యొక్కొక్క చోట జాగరూకత కోరును.

ఇంగ్లీషు తరగతిలో తెలుగు వినబడరాదను నియమము పెక్కు పాఠశాలలలో కలదు. ఇంగ్లీషు చెవిని పడవలెనను కోరిక మంచిదే. కాని వ్రాసిన వాక్యమును సరిచూచు వేళ మాతృభాషను గది వెలుపల నిలుపుట, చేతనున్న గీటురాయిని పారవేయుట వంటిది. ఉపాధ్యాయుడు కామా లేనిచోట ఎఱ్ఱసిరాతో గీటుపెట్టి అర మార్కు తగ్గించినంత మాత్రమున బాలునికి కారణము తెలియదు. ఆ వాక్యమునే తెలుగున చెప్పుమని యడిగిన చాలును. తరగతిలో ఇద్దరు బాలురు రెండు విధములుగా చెప్పినచో ఆ ఇంగ్లీషు వాక్యమింకను పూర్తికాలేదన్నమాట. ఎచట కామా యుంచవలెనో, ఎచట పేరు వ్రాయవలెనో అప్పుడు వారే కనుగొందురు. తెలుగునకు లేని సూక్ష్మత ఇంగ్లీషు కున్నచో దానినిగూడ ఈ పరీక్షయే బయటపెట్టును.

వ్రాసినవాడు ప్రక్కన నిలిచి తన భావమును వివరింపగలిగినంతకాలము ఎట్టి వాక్యమైనను చెల్లును. ఉత్తరము, దరఖాస్తు, శాసనము వ్రాసినవానిని విడిచి దూరము పోవును; అచట వాని పక్షమున పలుకునది వాక్యమొక్కటే. మెయిన్ డ్రైవర్ల వేతనము శాసనకర్త మనసులోని భావముపై గాక, కాగితముపై నున్న అక్షరములపై ఆధారపడెను. బడిలో అర మార్కుగా కనబడు కామా బడి వెలుపల ఒకని కష్టార్జితము కావచ్చునని బాలునికి తెలిసిననాడు, దానిని ఎచట నుంచవలెనో ఒకరు చెప్పనక్కరలేదు.