మిగిలిన ఎనిమిది చెంచాలు

రేచీకటి అంటే పొద్దుగూకాక చూపు ఆనకపోవటమే గదా అని చాలామంది అనుకుంటారు. వ్యవహారం కంటితో ఆగదండీ! విటమిన్ 'ఎ' చాలని పసివాడు తట్టు పోసినా, విరేచనాలు పట్టుకున్నా తట్టుకోలేడు. ఇండోనేషియాలోని ఆచే ప్రాంతంలో డాక్టర్ ఆల్ఫ్రెడ్ సోమర్ బృందం ఊళ్లలో ఈ విటమిన్ పంచి చూస్తే, పిల్లల మరణాలు 34 శాతం తగ్గాయని 1986లో తేలింది. అన్నిచోట్లా అంత తేడా కనబడలేదు, నిజమే. లోటున్న బిడ్డకే గదా మందు అక్కర!

నేపాల్‌లో 1993లో మొదలుపెట్టి, ఈ పని ఊరి ఆడవాళ్ల చేతిలోనే పెట్టారు. ఏడాదికి రెండుసార్లు వాళ్లే గుళికలు వేస్తారు. ఏ ఇంట్లో ఎవరి బిడ్డ వున్నదీ వాళ్లకు తెలియనిదా?

మన దేశంలో తొమ్మిదో నెలలో తట్టు టీకాతోపాటు మొదటి మోతాదు చెంచాతో పోస్తారు. తర్వాత అయిదేళ్లు నిండేదాకా ఆరునెలలకొకటి చొప్పున మరో ఎనిమిది. టీకా గుర్తుంటుంది, చిక్కల్లా ఈ ఎనిమిదితోనే. నేననేది ఒక్కటే. మీ పిల్లల సంగతి మీరెలాగూ చూసుకుంటారు. మీ ఇంట అంట్లు తోమే అమ్మాయి బిడ్డకు ఎన్ని పడ్డాయో ఈ పూటే అడగండి. కార్డు చూసి అంగన్‌వాడీకి పంపండి. అంతేగాని, మంచిదన్నారు గదా అని సీసా కొని పోసేరు సుమండీ. ఎక్కువైతే అదే విషం!